లోడింగ్ డాక్ మీద ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాలు జరగకుండా పని నడిపించడం ఎలా?

"డ్రైవర్లందరికీ శిక్షణ ఇప్పించాం, హెల్మెట్లు, బూట్లు ఇచ్చాం, అయినా డాక్ దగ్గర ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతూనే ఉంది. ఇంకేం చేయాలి?" గిడ్డంగుల సూపర్‌వైజర్లు, లోడింగ్ కాంట్రాక్టర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. డ్రైవర్ నైపుణ్యం కంటే ముందు పని జరిగే వరుసను సరిచేయాలన్నదే నా సమాధానం.

లోడింగ్ డాక్ అంటే లారీని ఆనించి సరుకు ఎక్కించే, దించే గిడ్డంగి అరుగు. ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు డ్రైవర్లు, రెండు బరువైన బండ్లు, కాలినడకన తిరిగే హమాలీలు ఒకే ఇరుకు చోట కలిసే స్థలం. లారీ ఎప్పుడు కదులుతుందో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్‌కు తెలియదు. ఫోర్క్‌లిఫ్ట్ తన లారీ లోపల ఉందో లేదో ముందు క్యాబిన్‌లో కూర్చున్న లారీ డ్రైవర్‌కు కనబడదు. ఈ ఇద్దరి మధ్య కబురు తప్పిన చోటే ప్రాణాంతకమైన ప్రమాదాలు జరుగుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం లారీని నిలిపి ఉంచడం గురించి, తాళం చెవి గురించి ఉంటుంది.

1. ముందుగా డాక్‌ను నడిచి చూడండి

పని బాగా రద్దీగా ఉన్న సమయంలో ఒక గంటపాటు డాక్ మీద నిలబడి, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తున్నారో కాగితం మీద గీతలు గీయండి. మరుగుదొడ్డికి, మంచినీళ్లకు, బిల్లుల గదికి వెళ్లే దారులు ఫోర్క్‌లిఫ్ట్ దారిని ఎక్కడ దాటుతున్నాయో ఆ గీతలే చూపిస్తాయి. ప్రమాదాలకు అవకాశం ఎక్కువగా ఉండేది ఆ కూడళ్లలోనే.

బండి బరువు ఎంతో అందరికీ తెలియాలి. రెండున్నర టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువు సుమారు మూడున్నర నుంచి నాలుగు టన్నులు ఉంటుంది, నిండు లోడుతో అది ఆరు టన్నులు దాటుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఒక్క సెకనులో దాదాపు 2.8 మీటర్లు ముందుకు వస్తుంది. అంటే డ్రైవర్ మనిషిని చూసి, కాలు బ్రేకు మీదకు తెచ్చేలోపే బండి ఒక గది వెడల్పు దూరం దాటేస్తుంది.

నడిచి చూసేటప్పుడు గమనించవలసినవి:

- నడకదారికి, బండి దారికి మధ్య ఇనుప కంచె ఉందా, లేక పసుపు గీత మాత్రమే ఉందా? గీత బండిని ఆపదు.
- తలుపుల దగ్గర, అరల మూలల దగ్గర ఎదురుగా వచ్చే బండి కనబడేలా గుండ్రటి అద్దాలు ఉన్నాయా?
- లారీ లేని డాక్ తలుపులు మూసి ఉన్నాయా? డాక్ అంచు నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తెరిచి ఉన్న ఖాళీ తలుపులోంచి మనిషి పడినా, బండి పడినా ప్రాణానికే ముప్పు.
- నేల మీద నీళ్లు, నూనె, ప్లాస్టిక్ చుట్టలు, విరిగిన ప్యాలెట్ల (సరుకు పేర్చే పీటల) చెక్కలు ఉన్నాయా?
- లారీ లోపలి చివరి వరకు వెలుతురు పడుతోందా?
- సరుకు దిగేవరకు లారీ డ్రైవర్లు ఎక్కడ నిలబడుతున్నారు? వారికి కూర్చునే చోటు చూపించకపోతే తప్పకుండా డాక్ మీదకే వస్తారు.

2. షిఫ్ట్ మొదట్లో బండి తనిఖీ

తనిఖీకి పది నిమిషాలు చాలు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చూసేవి ముందు, నడిపి చూసేవి తర్వాత పెట్టుకుంటే ఏదీ మరిచిపోరు.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు:

- టైర్లలో కోతలు, గాలి, బిగింపు నట్లు.
- ఫోర్కుల (లోడును ఎత్తే ముందరి ఇనుప కొమ్ముల) మీద పగుళ్లు, ముఖ్యంగా ఫోర్కు నిలువు భాగం అడ్డ భాగంతో కలిసే మడమ దగ్గర. అక్కడి మందం 10 శాతం అరిగితే ఫోర్కు బలం సుమారు 20 శాతం తగ్గుతుంది కాబట్టి ఆ ఫోర్కును మార్చాలి, వెల్డింగ్‌తో సరిపెట్టకూడదు.
- మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం) గొలుసుల బిగువు, తుప్పు.
- తల మీది రక్షణ పంజరం, సీటు బెల్టు, సామర్థ్యం రాసిన పలక.
- బండి కింద నేల మీద నూనె చుక్కలు.

నడిపి చూసేటప్పుడు:

- బ్రేకు, చేతి బ్రేకు, స్టీరింగ్, హారన్, వెనక్కి వెళ్లేటప్పుడు మోగే అలారం, దీపాలు.
- మాస్ట్ పూర్తిగా పైకి వెళ్లి, కుదుపు లేకుండా కిందికి వస్తోందా?

హైడ్రాలిక్ గొట్టం కారుతోందన్న అనుమానం వస్తే చేత్తో తడిమి చూడకూడదు. గొట్టానికి పడిన సూది మొనంత రంధ్రంలోంచి నూనె ఎంత ఒత్తిడితో చిమ్ముతుందంటే, అది గుడ్డ చేతితొడుగును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోగలదు. ఒక అట్టముక్కను గొట్టం వెంట నడిపి దాని మీద తడి ఎక్కడ పడుతుందో చూడాలి.

లోపం కనబడిన బండిని "ఈ ఒక్క లారీకి వాడేద్దాం" అని తీయకూడదు. తాళం చెవి తీసేసి, స్టీరింగ్‌కు చీటీ కట్టి, పక్కన పెట్టాలి.

3. లారీని కదలకుండా నిలపడం

ఈ వరుసను అక్షరాలా పాటించండి. దీనిలో ఏ మెట్టునూ మరో మెట్టుతో కలపకూడదు.

1. లారీ వెనక్కి వస్తున్నంతసేపు లారీకి, డాక్‌కు మధ్య ఎవరూ ఉండకూడదు. దారి చూపే మనిషి పక్కన, లారీ డ్రైవర్ అద్దంలో కనబడే చోట నిలబడాలి. అతను అద్దంలోంచి తప్పుకున్న క్షణమే లారీ ఆగిపోవాలని ముందుగానే మాట్లాడుకోవాలి.
2. ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వేయించాలి.
3. తాళం చెవిని లారీ డ్రైవర్ డాక్ సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. దాన్ని ఆ డాక్ నంబరు రాసిన కొక్కేనికి తగిలించాలి.
4. లారీ ముందుకు జారకుండా అన్నింటికంటే వెనుక ఉన్న చక్రాలకు రెండు వైపులా, టైరుకు ఆనేలా అడ్డుదిమ్మెలు పెట్టాలి. ఇటుకలు, విరిగిన కొయ్యలు అడ్డుదిమ్మెలు కావు.
5. ముందు లాగే ఇంజిన్ బండిని విడదీసి వదిలిన ట్రైలర్ అయితే దాని ముందు భాగం కింద అదనంగా ఆధారపు స్టాండు పెట్టాలి. ఫోర్క్‌లిఫ్ట్ లోడుతో ముందు కొసకు చేరినప్పుడు బరువంతా అక్కడే పడి, ట్రైలర్ ముందుకాళ్లు మడుచుకుపోవచ్చు.
6. లారీ లోపలికి ఎక్కి నేలను చూడాలి. కుళ్లిన చెక్కలు, తుప్పు పట్టి పలచబడిన రేకు, రంధ్రాలు ఉంటే ఫోర్క్‌లిఫ్ట్‌ను పంపకూడదు.
7. డాక్ లెవెలర్ (డాక్‌కూ లారీకీ మధ్య సందును కలిపే కదిలే పలక) పెదవి, అంటే లారీ మీద ఆనే దాని ముందు అంచు గానీ, వంతెన పలక గానీ లారీ నేల మీద పూర్తి వెడల్పున, కనీసం 10 సెంటీమీటర్ల లోతు ఆనుకోవాలి. పలక మీద రాసిన సామర్థ్యం బండి బరువు, లోడు బరువు కలిపిన దానికంటే ఎక్కువ ఉండాలి. విడి పలకను జారకుండా బిగించాలి.
8. ఇవన్నీ అయ్యాకే సూపర్‌వైజర్ "లోపలికి వెళ్లవచ్చు" అని చెప్పాలి.

మూడో మెట్టును చాలామంది మర్యాద సమస్యగా తీసుకుంటారు. "పాతికేళ్ల డ్రైవర్‌ను తాళం చెవి అడగడం ఏం బాగుంటుంది?" అంటారు. నేను పనిచేసిన ఒక గిడ్డంగిలో జరిగినది చెబుతాను. బిల్లు మీద సంతకం అయిపోయింది, కాగితం చేతికి వచ్చింది కాబట్టి పని పూర్తయిందనుకుని లారీ డ్రైవర్ బండి తీశాడు. లోపల ఇంకా ఒక ఖాళీ ప్యాలెట్ మిగిలి ఉంది, దానికోసం ఫోర్క్‌లిఫ్ట్ వెళ్తోంది. ముందు చక్రాలు లెవెలర్ పెదవి మీద ఉండగా ఆ పెదవికీ లారీ నేలకూ మధ్య నల్లటి సందు తెరుచుకోవడం నేను పక్కనుంచి చూశాను. మొదట అరచేయంత, మరుక్షణం మూరెడంత. పెదవి వేలాడిపోయి ముందు చక్రాలు సందులోకి జారాయి, బండి పొట్ట డాక్ అంచుకు తగులుకుని ఆగింది. బెల్టు పెట్టుకుని ఉండబట్టి ఆ డ్రైవర్ బయటికి విసిరివేయబడలేదు. ఆ ఇద్దరిలో ఎవరూ అజాగ్రత్తపరులు కారు. తాళం చెవి కొక్కేనికి ఉండి ఉంటే సంతకం ముందు అయినా, తర్వాత అయినా ఆ లారీ కదిలేదే కాదు.

ఇలా హఠాత్తుగా బయలుదేరడం ఒక ప్రమాదమైతే, మెల్లగా జరిగిపోవడం మరొకటి. ఫోర్క్‌లిఫ్ట్ లారీలోకి వెళ్లి బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ తోపుడుకు లారీ కొద్దికొద్దిగా డాక్ నుంచి దూరం జరుగుతుంది. ఇరవై ప్యాలెట్లు దిగేసరికి మొదట 10 సెంటీమీటర్లు ఆనిన పెదవి కొసకు వచ్చేయవచ్చు. కాబట్టి ప్రతి ఐదారు రాకపోకలకు ఒకసారి పెదవి ఎంత ఆనిందో, దిమ్మెలు టైరును తాకుతున్నాయో చూడాలి.

లారీని వదిలేటప్పుడు ఇదే వరుస తలకిందులవుతుంది. సూపర్‌వైజర్ స్వయంగా లోపల చూసి మనుషులు గానీ, బండి గానీ లేరని నిర్ధారించుకోవాలి. తర్వాత లెవెలర్‌ను యథాస్థానానికి చేర్చాలి, డాక్ తలుపు మూయాలి, దిమ్మెలు తీయాలి. చివరగా తాళం చెవి ఇవ్వాలి. బిల్లు కాగితాలను కూడా తాళం చెవితో పాటే ఇస్తే, కాగితం అందిందని తొందరపడే అవకాశం ఉండదు.

4. లోడు ఎత్తడం, నడపడం

ఫోర్క్‌లిఫ్ట్ ఒక త్రాసు లాంటిది. ముందు చక్రాలు త్రాసు మధ్య ఆధారం, లోడు ఒక తట్ట, వెనుక ఉన్న ఇనుప బరువు రెండో తట్ట. లోడు ఎంత బరువుందన్నదే కాదు, ముందు చక్రాలకు ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కే.

ఫోర్క్‌లిఫ్ట్ సామర్థ్యం రాసిన పలక మీద "2000 కిలోలు, 500 మిల్లీమీటర్లు" అని ఉందనుకుందాం. లోడు బరువు మధ్యభాగం ఫోర్కుల నిలువు ముఖం నుంచి 500 మిల్లీమీటర్లలోపు ఉన్నప్పుడే 2000 కిలోలు ఎత్తవచ్చని దాని అర్థం. 1.6 మీటర్ల లోతున్న పెట్టెలో సరుకు సమంగా ఉంటే దాని మధ్యభాగం 800 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అప్పుడు అదే బండి 2000 కిలోలు ఎత్తకూడదు. ఎంత ఎత్తవచ్చో పలక మీది పట్టికలో చూడాలి. ఫోర్కులకు అదనపు పరికరం ఏదైనా తగిలిస్తే సామర్థ్యం ఇంకా తగ్గుతుంది, దానికి తయారీదారు ఇచ్చిన కొత్త పలక ఉండాలి. వెనుక చక్రాలు తేలుతున్నాయని వెనుక మనుషులను ఎక్కించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

నడిపేటప్పుడు:

- ఫోర్కులు నేల నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో, మాస్ట్ కొద్దిగా వెనక్కి వంచి ఉండాలి. లోడు పైకెత్తి తిరిగితే బండి పక్కకు పడిపోతుంది.
- లోడు దారిని కప్పేస్తే వెనక్కి తిరిగి చూస్తూ వెనక్కి నడపాలి.
- వాలు మీద నిండు లోడుతో ఎక్కినా, దిగినా లోడు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. ఖాళీ బండికి ఫోర్కులు దిగువ వైపు ఉండాలి. వాలు మీద మలుపు తిప్పకూడదు.
- తిరిగేవి వెనుక చక్రాలు కాబట్టి మలుపులో బండి వెనుక భాగం బయటికి ఊగుతుంది. పక్కన నిలబడిన మనిషిని తాకేది చాలాసార్లు ఆ వెనుక భాగమే.
- దిగేటప్పుడు ఫోర్కులు నేలకు ఆనించి, చేతి బ్రేకు వేసి, తాళం చెవి తీయాలి.

5. కాలినడకన పనిచేసేవారు

ఒకే లారీలో ఫోర్క్‌లిఫ్ట్, హమాలీలు ఒకే సమయంలో పనిచేయకూడదు. బండి బయటికి వచ్చాక మనుషులు లోపలికి, మనుషులు బయటికి వచ్చాక బండి లోపలికి వెళ్లాలి. పని నెమ్మదిస్తుందని అంటారు, నిజమే, కొంత నెమ్మదిస్తుంది. లారీ గోడకూ ప్యాలెట్‌కూ మధ్య ఇరుక్కుని నలిగిన ఛాతీ కంటే ఆ ఆలస్యం ఎంతో నయం.

- ఎత్తిన ఫోర్కుల కింద నుంచి వెళ్లకూడదు, ఖాళీ ఫోర్కులైనా సరే.
- ఫోర్కుల మీద గానీ, వట్టి ప్యాలెట్ మీద గానీ నిలబడి పైకి వెళ్లకూడదు.
- ఒరిగిపోతున్న లోడును చేతులతో ఆపబోకూడదు, పక్కకు తప్పుకోవాలి.
- డ్రైవర్ కళ్లలోకి చూసి, అతను తల ఊపాకే బండి దారి దాటాలి.

డీజిల్, పెట్రోలు లేదా గ్యాసుతో నడిచే బండి మూసి ఉన్న ట్రైలర్‌లో పనిచేస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపల ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే అది అలసట అనుకోకుండా అందరూ ఆరుబయటికి వచ్చేయాలి, వైద్యుడికి చూపించుకోవాలి.

6. బండి పడిపోతుంటే డ్రైవర్ చేయవలసినది

దూకకూడదు. మనసు చెప్పేది దూకమనే, అందుకే ఇది సాధన చేయించాలి. దూకిన మనిషి సాధారణంగా బండి పడే వైపే పడతాడు, తల మీది రక్షణ పంజరమే అతని మీద పడుతుంది. కూర్చుని నడిపే బండిలో బెల్టు ఉంచుకుని, స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని, పాదాలు నేలకు తన్నిపెట్టి, బండి పడుతున్న వైపుకు వ్యతిరేకంగా ఒరగాలి.

నిలబడి నడిపే, వెనుక తెరిచి ఉండే బండ్లకు ఈ సూత్రం వర్తించదు. వాటిలో చాలావరకు వెనక్కి అడుగువేసి దిగి దూరంగా జరగాలి. ఏ బండికి ఏది సరైనదో దాని మాన్యువల్‌లో ఉంటుంది. డ్రైవర్‌ను ఒక రకం బండి నుంచి మరో రకానికి మార్చేటప్పుడు మొదట నేర్పవలసింది ఇదే.

7. దెబ్బ తగిలిన తర్వాత మొదటి నిమిషాలు

1. బండ్లన్నీ ఆపించి, దెబ్బకు కారణమైన బండిని ఆఫ్ చేసి, అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఒక మనిషిని గేటు దగ్గర నిలబెట్టి దారి చూపించాలి.
2. రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గాయం మీదే గట్టిగా నొక్కి పట్టాలి. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీదే మరొకటి వేయాలి.
3. ఎత్తు నుంచి పడినా, వీపు, మెడ నొప్పి అన్నా మనిషిని కదిలించకూడదు, మంటల వంటి వేరే ప్రమాదం ఉంటే తప్ప.
4. కాలు, చేయి బండి కింద ఇరుక్కుంటే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఇరుక్కుందో రాసిపెట్టి, అంబులెన్సు వారికి ఫోన్‌లోనే చెప్పి, వారు చెప్పినట్లు చేయాలి. చాలాసేపు నలిగిన కండరం మీది బరువు తీసిన తర్వాత గుండెకు, మూత్రపిండాలకు ముప్పు రావచ్చు కాబట్టి ఆ సమయం వైద్యులకు చాలా అవసరం.
5. తెగిన వేలును శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచాలి. వేలు నేరుగా మంచుకు తగలకూడదు.
6. బ్యాటరీ ఆమ్లం కంట్లో పడితే ఆగకుండా కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి, కడుగుతూనే వైద్యసాయానికి ఏర్పాటు చేయాలి.

హైడ్రాలిక్ నూనె చర్మంలోకి దూరిన గాయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పైకి చిన్న చుక్కంత గుచ్చుకున్న గుర్తే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. కార్మికుడు తుడుచుకుని మళ్లీ పనిలోకి వెళ్లిపోతాడు. లోపల మాత్రం నూనె కణజాలాన్ని నాశనం చేస్తూ ఉంటుంది. కొన్ని గంటల్లోపు శస్త్రచికిత్స జరగకపోతే వేలిని, చేతిని తీసేయవలసి రావచ్చు. అది చిన్న గాయం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పంపి, "అధిక ఒత్తిడి నూనె లోపలికి వెళ్లింది" అని వైద్యుడికి స్పష్టంగా చెప్పాలి.

8. జరిగినది నమోదు చేయడం

మనిషిని ఆసుపత్రికి పంపిన వెంటనే డాక్‌ను కడిగేసి పని మొదలుపెట్టడం నేను చాలాచోట్ల చూశాను. అలా చేస్తే కారణం ఎప్పటికీ తెలియదు, దెబ్బ తిన్నవారికి అన్యాయమూ జరుగుతుంది.

- బండి, లారీ, లెవెలర్, దిమ్మెలు ఉన్నవి ఉన్నట్లుగా నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయాలి. తనిఖీ పూర్తయ్యేవరకు బండిని మరమ్మతుకు పంపకూడదు.
- సీసీ కెమెరా దృశ్యాలను ఆ రోజే వేరుగా దాచాలి. పాత రికార్డు మీద కొత్తది పడి అవి చెరిగిపోతాయి.
- చూసినవారితో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి, వారి మాటల్లోనే రాసుకోవాలి.
- ఆనాటి తనిఖీ పుస్తకం, తాళం చెవుల పుస్తకం భద్రపరచాలి.

గాయపడిన కార్మికులకు ఒక మాట. దెబ్బ చిన్నదైనా యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పనిలో తగిలిన దెబ్బ అని వైద్యుడితో చెప్పి చీటీలో రాయించండి. ఖాళీ కాగితం మీద సంతకం చేయవద్దు. నడుము, మెడ నొప్పులు రెండు మూడు రోజుల తర్వాత బయటపడవచ్చు, అప్పుడూ తెలియజేయండి. పరిహారానికి గడువులు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి ఆలస్యం చేయకుండా కార్మిక సంఘాన్ని గానీ, కార్మిక శాఖను గానీ అడగండి.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే విధానం

తప్పు: అడ్డుదిమ్మెలు ఆఫీసు గదిలో ఉంటాయి, తేవడానికి ఎవరూ వెళ్లరు. దిద్దుబాటు: ప్రతి డాక్ పక్క గోడకు గొలుసుతో కట్టి ఉంచండి.

తప్పు: బెల్టు పెట్టుకుంటే దిగి ఎక్కడం కష్టమని డ్రైవర్లు వదిలేస్తారు. దిద్దుబాటు: గంటకు ఎన్నిసార్లు, ఎందుకు దిగుతున్నారో చూడండి. ప్యాలెట్ చీటీ చదవడానికే దిగుతుంటే ఆ చీటీని సీటులోంచి కనబడేలా అతికించే ఏర్పాటు చేయండి.

తప్పు: శిక్షణ ఉద్యోగంలో చేరిన రోజు ఒక్కసారే. దిద్దుబాటు: అమెరికాలో కార్మికుల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నియమాలు ప్రతి డ్రైవర్ పనితీరును కనీసం 3 సంవత్సరాలకు ఒకసారి మళ్లీ పరీక్షించాలంటాయి. ప్రమాదం జరిగినా, తృటిలో తప్పినా, బండి రకం మారినా గడువు కోసం ఆగకుండా మళ్లీ నేర్పించాలి.

తప్పు: తృటిలో తప్పిన ప్రమాదాన్ని చెబితే తిట్లు పడతాయి కాబట్టి ఎవరూ చెప్పరు. దిద్దుబాటు: చెప్పినవారి మీద చర్య ఉండదని రాసి అంటించండి, ఆ మాట మీద నిలబడండి. వచ్చిన ప్రతి ఫిర్యాదుకు ఏం మార్చారో వారం లోపల అదే గోడ మీద రాయండి.

తప్పు: సూపర్‌వైజర్ భోజనానికి వెళ్లినప్పుడు తాళం చెవులు ఎవరి దగ్గర ఉండాలో తెలియదు. దిద్దుబాటు: ప్రతి షిఫ్టుకు ఇద్దరి పేర్లు బోర్డు మీద రాయండి. ఆ ఇద్దరూ లేని సమయంలో ఏ లారీనీ డాక్ నుంచి కదలనివ్వకండి.